ముందుకు జరిపిన గంట

ఇది ఏ సంవత్సరంలో జరిగిందో రాయను. అరవయ్యో దశకం చివరలో అని మాత్రం చెబుతాను. మా వైపు తిథి, నక్షత్రం చెబితే చాలు, పాత పంచాంగాలు తిరగేసి సంవత్సరాన్ని పట్టేవాళ్లున్నారు. సంవత్సరం దొరికితే ఊరూ, ఊరు దొరికితే ఇల్లూ దొరుకుతాయి. నేనూ అలాంటివాణ్నే కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.

అప్పుడు తెనాలిలో ఒక రైస్ మిల్లులో కాటా గుమాస్తాగా ఉండేవాణ్ని. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాత లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. పంచాంగం చూడడం కూడా అలాగే వచ్చింది. అందులో సమయాలన్నీ సూర్యోదయం నుంచి ఇన్ని ఘడియలు, ఇన్ని విఘడియలు అని ఉంటాయి. ఘడియకు ఇరవై నాలుగు నిమిషాలు, అందులో అరవయ్యో వంతు విఘడియ. చాలామంది సూర్యోదయం ఆరింటికని పట్టుకుని గుణించేస్తారు. నేనలా ఒప్పుకోలేదు. రెండేళ్లపాటు మిల్లు డాబా ఎక్కి, స్టేషన్ గడియారానికి సరిచేసిన వాచీ పట్టుకుని, పొద్దు ఎన్నింటికి పొడుస్తుందో రోజూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మబ్బు పట్టిన రోజులకు ముందు రోజూ వెనక రోజూ చూసి మధ్య అంకె వేసుకున్నాను. అలా నా సూర్యోదయాలు నాకున్నాయి.

పెళ్లి ముహూర్తాలు నేను చూడను. నా దగ్గరికి జనం వచ్చేది ఒక్క పని మీద. ఇంట్లో మనిషి ఈ రోజో రేపో అన్నట్టున్నప్పుడు, నక్షత్రం ఎప్పుడు మారుతుందో చెప్పమని వచ్చేవారు. ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాలు, దాదాపు ఐదు రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలి. అంటే తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప పెట్టి, అందరూ బయటికి వెళ్లిపోవాలి. ధనిష్ఠకైతే ఆరు నెలలు. అందుకని ఆ నక్షత్రం దగ్గర పడుతోందంటే, ఊపిరి మీదున్న మనిషిని మంచంతో సహా దొడ్లోకో పాకలోకో మార్చేవారు. ప్రాణం అక్కడ పోతే ఇల్లు నిలబడుతుంది.

నా తొమ్మిదో ఏట బాపట్లలో మా నాయనమ్మ పోయింది. లెక్క చూసిన పెద్దమనిషి, "ఇంకా టైముంది, కంగారు పడమాకండి" అన్నాడు. పన్నెండు నిమిషాలు. ఆమె పన్నెండు నిమిషాలు ఎక్కువ బతికి ధనిష్ఠలో పోయింది. ఆరు నెలలు ఈపురుపాలెంలో మా మేనత్త వాళ్ల వసారాలో, మగ్గం చప్పుడు పక్కన, ఏడుగురం పడుకున్నాం. తిరిగి వచ్చేసరికి ఇంటి వాసాలకు చెద పట్టింది. నాయనమ్మ మంచం పట్టె మీద పిచ్చుకలు గూడు కట్టాయి. మా నాన్న ఆ గూటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. టైముంది అన్న మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

అనుకున్నట్టే చేశాను. పంచాంగం చూసి, లెక్క కట్టి, వచ్చిన సమయాన్ని ఒక గంట ముందుకు జరిపి చెప్పేవాణ్ని. ఐదని వస్తే నాలుగన్నాను. అలా జరిపానని ఎవరికీ చెప్పలేదు. పదిహేనేళ్లలో ఒక్క ఇల్లూ నా లెక్క వల్ల పాడు పడలేదు. ఆయన చెబితే తిరుగులేదన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా మిల్లులో ధాన్యం నాణ్యం చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. రెండు గింజలు పంటి కింద వేసుకుని కొరికి, చెమ్మ ఎంతుందో చెప్పేవాడు. ఆయన చెప్పినదాన్ని బట్టి నేను బస్తాకు ఇంత అని తరుగు తీసేవాణ్ని. ఆయన కిలోన్నర అంటే నేను రెండు రాసేవాణ్ని. దాని మీద మా ఇద్దరికీ పద్నాలుగేళ్లు తగాదా, పద్నాలుగేళ్లు స్నేహం.

"ఆ అరకిలో ఎక్కడిదిరా?" అనేవాడు.

"జాగ్రత్తకి."

"ఎవరి జాగ్రత్త? ధాన్యానికా, నీకా? నీకు మాట పడటమంటే చచ్చేంత భయం. ఆ భయానికి రైతు చేత తరుగు పెట్టిస్తున్నావు."

ఆయనది రేపల్లె. పేగుల్లో పుండు లేచింది. గుంటూరు పెద్దాసుపత్రిలో కోసి, చూసి, మళ్లీ కుట్టేశారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. ఒకే పెంకుటిల్లు, రెండు వంటిళ్లు. తూర్పు వైపు ఈయనా, భార్యా. పిల్లల్లేరు. పడమర వైపు తమ్ముడి సంసారం. ఆయన గది కిటికీలోంచి స్టేషన్లో ఇంజను ఆవిరి వదిలే చప్పుడు వినపడేది. బ్రాంచి లైను అక్కడితో ఆఖరు. ఇంజను అక్కడే తిరిగి, నీళ్లు పట్టుకుని, మళ్లీ తెనాలి వైపు బయల్దేరేది. "ఎక్కడికీ పోకుండా ప్రయాణం చేస్తున్నట్టుందిరా" అనేవాడు మంచం మీద నుంచి.

మూడు నెలలు ఆదివారాల్లో వెళ్లేవాణ్ని. మిషన్ ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ రోజూ వచ్చి కోసిన పుండు కడిగి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లేది. యాభై ఏళ్ల మనిషి, నడక వేగం, మాట నిదానం. రెండు గంటలకోసారి పక్క తిప్పకపోతే వీపు మీద పుండు పడుతుందని ఆయన భార్యకు చెప్పింది. ఆ ఇల్లాలికి గడియారం చూడడం రాదు. నేను మిల్లు చీటీల వెనక గీతలు గీసి ఇచ్చాను. పాలవాడు వచ్చే వేళ ఎడమ పక్క, పొద్దుటి బండి వచ్చే వేళ వెల్లకిలా, బడిగంటకు కుడి పక్క, ఇలా. ఆమె ఆ చీటీని గోడకు అంటించి, తిప్పినప్పుడల్లా బొగ్గుతో ఒక చుక్క పెట్టేది.

"ఇన్నాళ్లకి నీ లెక్క ఒక మనిషికి పనికొచ్చింది" అన్నాడు ఆయన.

నర్సమ్మ నాకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పింది. నిమిషానికి ఎన్నిసార్లు, మధ్యలో ఎంతసేపు ఆగుతోంది, ఇవి చూసుకొమ్మంది. ఎందుకని అడిగితే, "చెప్పేవాళ్లు ఒకళ్లుంటే ఇంట్లోవాళ్లు బెదరరండి. ఏం జరగబోతోందో తెలియకపోవడమే సగం బాధ" అంది.

మార్గశిర మాసం వచ్చింది. కోతలు మొదలై మిల్లులో ఊపిరాడని రోజులు. తమ్ముడి నుంచి కార్డు వచ్చింది. పంచాంగం పట్టుకుని వెంటనే రమ్మని. నేను పొద్దుటి బండికే వెళ్లాను.

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, "ఎంత తరుగు తీశావు నా మీద?" అన్నాడు. ఆ రోజు నాతో ఆయన మాట్లాడింది అంతే.

తమ్ముడు నన్ను పడమటి వసారాలోకి తీసుకెళ్లాడు. లోపల తమ్ముడి కూతురు, పురిటికి వచ్చిన పిల్ల, నిండు నెలలతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"చూడండి గుమాస్తా గారూ, అన్నయ్య మీద ప్రేమ లేక అడగట్లేదు. ఇది ఇవాళో రేపో కనేట్టుంది. ఇల్లు పాడుపెట్టాల్సొస్తే ఈ స్థితిలో దీన్ని ఎక్కడికి తీసుకుపోను? ధనిష్ఠ ఎప్పుడొస్తదో సరిగ్గా చెప్పండి. ఆ టైముకి అన్నయ్యని పాకలోకి మారుద్దాం."

లెక్క కట్టాను. శ్రవణం ఇరవై నాలుగు ఘడియల ఇరవై విఘడియల దాకా. అంటే తొమ్మిది గంటల నలభై నాలుగు నిమిషాలు. నా నోటుబుక్కులో ఆ రోజుకు సూర్యోదయం ఆరూ ఇరవై ఒకటి. కలిపితే సాయంత్రం నాలుగూ ఐదు. నాలుగూ ఐదుకు శ్రవణం వెళ్లి ధనిష్ఠ వస్తుంది.

"మూడు గంటలకు" అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. బస్తాకు కిలోన్నర అంటే చెయ్యి రెండు రాసినట్టు, నోరు దానంతట అది చెప్పింది.

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. ఆయన చేయి పట్టుకుని చూసి, నన్ను ఊపిరి లెక్కపెట్టమంది. నిమిషానికి పద్నాలుగు. మధ్యలో పది సెకన్లు ఆగుతోంది. ఆమె బయటికి వచ్చి తమ్ముడితో, "పొద్దుగూకేలోపే అనుకుంటున్నానండి. ఇప్పుడు మంచం కదపొద్దు. ప్రాణం ఆ మంచం మీద కుదురుకుని ఉంది" అంది.

"అమ్మా, మీకు నక్షత్రాలు లేవు గానీ మాకున్నాయి."

"మాకూ ఉందిలే తమ్ముడూ. ఒక్కటే ఉంది" అని ఆమె నవ్వి, నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఎంతవరకు ఆగొచ్చు?"

అప్పుడు చెప్పొచ్చు. నాలుగూ ఐదు దాకా ఆగొచ్చమ్మా, నేను ముందుకు జరిపాను అని ఒక్క మాట. తమ్ముడు నా మొహం చూస్తున్నాడు. ఇప్పుడు మాట మారిస్తే, ఆ తర్వాత నాలుగూ పదికి ప్రాణం పోతే, నిండు నెలల పిల్ల ముళ్లకంప దాటి బయటికి నడిచి పోవాలి. అది నా మీద ఉంటుంది. "మూడే" అన్నాను.

ఆమె ఇంజెక్షన్ ఇచ్చి, నోరు తడుపుతూ ఉండమని ఆయన భార్యకు చెప్పి, ఇంకో ఇంటికి వెళ్లింది.

రెండూ నలభైకి నలుగురం మంచం ఎత్తాం. గుమ్మం దగ్గర మంచం కొంచెం వంచాల్సి వచ్చింది. అప్పుడాయన కళ్లు తెరిచాడు.

"ఎక్కడికే?" అని అడిగాడు భార్యని.

"ఎండకి" అందామె. "కాసేపు."

పాకలో గేదెను విప్పి బయట కట్టేశారు. తాటాకు పాక, పడమటి వైపు తడిక తీసి పెట్టారు. ఆమె మంచం పక్కన కింద కూర్చుని ఆయన మొహమే చూస్తోంది. నేను వాచీ చూసుకుంటూ ఊపిరి లెక్కపెట్టాను. పది. ఏడు. నాలుగు. తర్వాత ఇంకొకటి వస్తుందేమోనని రెండు నిమిషాలు చూశాను. రాలేదు.

"టైమెంతండి?" అన్నాడు తమ్ముడు.

"మూడూ ఇరవై."

"అయితే ధనిష్ఠే" అన్నాడాయన. కళ్లు తుడుచుకుంటూ నా చేయి పట్టుకున్నాడు. "మీరు సమయానికి చెప్పారు. ఇరవై నిమిషాలు. ఇల్లు నిలబెట్టారు గుమాస్తా గారూ."

ఇంకా శ్రవణమే. ధనిష్ఠకు నలభై ఐదు నిమిషాలు ఉంది. ఆయన ఏ తప్పూ లేని నక్షత్రంలో, తన మంచం మీద, తన గదిలో, ఇంజను చప్పుడు వింటూ పోవాల్సిన మనిషి. నేను తల ఊపాను.

పురోహితుడు వచ్చినప్పుడు ఒక ఆశ కలిగింది. ఆయన పంచాంగం తెరిస్తే బయటపడుతుంది, నేను చెప్పే పని ఉండదు. "నక్షత్రం?" అన్నాడు. తమ్ముడు నన్ను చూపించి ధనిష్ఠ అన్నాడు. "ఆయన చూశాక నేను మళ్లీ చూసేదేముంది" అని ఆయన సంచి విప్పనే లేదు. శాంతి చేయించమన్నాడు. ఆరు నెలలు పాక పాడుపెట్టమన్నాడు. పన్నెండో రోజు ముగిశాక ద్వారానికి అడ్డంగా తుమ్మకంప పెట్టి తాటినారతో కట్టారు. ఆయన మంచం లోపలే ఉండిపోయింది. పదమూడో రోజున పడమటి ఇంట్లో ఆడపిల్ల పుట్టింది.

ఆయన పోయిన తిథి శుద్ధ పంచమి కాబట్టి ప్రతి నెలా ఆ తిథికి మాసికం పెట్టాలి. తిథి ఏ రోజు మధ్యాహ్నానికి ఉంటుందో చూసి చెప్పాలి. ఆ సంవత్సరపు పంచాంగంలో ఉన్నంతవరకూ ఒక్క కాగితం మీద రాసి ఇచ్చి రావచ్చు. నేనలా ఇవ్వలేదు. నెలకొకటి చెప్పేవాణ్ని. నాలుగు రోజుల ముందు బండెక్కి రేపల్లె వెళ్లి, ఫలానా రోజు అని చెప్పి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ని.

వెళ్లేటప్పుడు ఈసారి చెప్పేద్దామని ఎక్కేవాణ్ని. వేమూరు దాటేదాకా మాటలు వరసగా ఉండేవి. భట్టిప్రోలు వచ్చేసరికి ఒకటి రెండు జారిపోయేవి. పల్లికోనలో దిగిపోయి వెనక్కి వెళ్లిపోదామనిపించేది. ఒకసారి దిగాను కూడా. బండి కదిలాక మళ్లీ ఎక్కాను. కూర్చోబుద్ధయ్యేది కాదు. తలుపు దగ్గర నిలబడి నోటుబుక్కు తీసి అదే లెక్క మళ్లీ కట్టేవాణ్ని. ఇరవై నాలుగు ఘడియల ఇరవై. ఆరూ ఇరవై ఒకటి. నాలుగూ ఐదు. ఇంజను పొగలో ఆ అంకెల మీద నలుసులు పడేవి, ఊదేవాణ్ని.

ఏ పంచాంగమైనా ధనిష్ఠను మూడూ ఇరవైకి ముందు చూపిస్తే బాగుండునని కూడా చూశాను. వేరే చోట అచ్చయిన పంచాంగం బాపట్లలో మా చిన్నాన్న ఇంట్లో ఉంటుందని గుర్తొచ్చి, పొన్నూరు మీదుగా బస్సు పట్టుకుని ఆ పని మీదే వెళ్లాను. నా పెళ్లి మాటలకొచ్చానేమో అని వాళ్లు సంతోషపడ్డారు. నేను అటక మీద పుస్తకం దించి, దుమ్ము దులిపి చూశాను. అందులో ఇరవై నాలుగు ఘడియల పన్నెండు. అంటే నాలుగూ రెండు. మూడు నిమిషాలు కలిసొచ్చింది. నలభై రెండు ఇంకా మిగిలింది.

రేపల్లె ఇంట్లో ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చేది. తిథి చెప్పించుకునేది. గోడ మీద పక్క తిప్పే చీటీలు అలాగే ఉన్నాయి, ఆఖరి చుక్క ఆ రోజు మధ్యాహ్నానిది. ఆమె వంటింటి కిటికీ పాక వైపు ఉంటుంది. ఆ కిటికీ మూసేసి పొగలో వండుకునేది. నేను లేవబోయేటప్పుడు ప్రతిసారీ ఒక్కటే అడిగేది.

"ఆయనకి తెలిసిందంటారా అన్నయ్య గారూ?"

తనని ఇంట్లోంచి బయట పెడుతున్నారని ఆయనకు తెలిసిందా అని. ఎండకి అని తను చెప్పిన మాట ఆయన నమ్మాడా అని.

"నక్షత్రం అలా వచ్చింది చెల్లెమ్మా. ఇంకో దారి లేదు" అనేవాణ్ని నేను.

ఆమె తల ఊపేది. మళ్లీ నెలకు మళ్లీ అదే అడిగేది.

చైత్రంలో అనుకుంటాను, స్టేషన్ నుంచి నడుస్తుంటే నర్సమ్మ ఎదురైంది. ఆమె కూడా ఆ ఇంటి నుంచే వస్తోంది. మనిషి పోయాక కూడా ఆమె ఆ ఇళ్లకు వెళ్తుందని నాకప్పటిదాకా తెలియదు. ఒక చిల్లర కొట్టు నీడలో నిలబడి ఆమెకు మొత్తం చెప్పాను. పంచాంగం గురించి తెలియని మనిషికి ఘడియలూ విఘడియలూ విప్పి చెప్పడం తేలికగా ఉంది, ఆ భాగం దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఆమె ఆపింది.

"అంటే నేనడిగినప్పుడు మీకు నాలుగని తెలుసు."

"తెలుసు."

"ఆమె మిమ్మల్ని ప్రతిసారీ ఒకటే అడుగుతోంది కదా. నన్నూ అడుగుతుంది. మనిషి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నాడంటే, మనం చెప్పే జవాబు వాళ్లకి అతకట్లేదన్నమాట. మీరు నెలనెలా వెళ్లేది ఆమె కోసమా, మీ కోసమా?"

"రెండూ."

"అయితే రెండో పని ముందు తెముల్చుకోండి. అప్పుడు మొదటిది చెయ్యగలుగుతారు."

"ఇంకో దారి లేదన్న మాట మీదే ఆమె నిలబడి ఉందమ్మా. అది తీసేస్తే?"

ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "తెలీదండి. మందుల మోతాదు నాకు తెలుసు. దీని మోతాదు తెలీదు."

ఆ నెలా చెప్పలేదు. వైశాఖంలో చెప్పాను.

మాసికానికి ఇంకా నాలుగు రోజులుంది. ఎండ మండిపోతోంది. ఆమె వసారాలో చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పాడు పెట్టిన ఆరు నెలల్లో ఇంకా ముప్పై నాలుగు రోజులున్నాయి. బండిలో అదే లెక్క కట్టాను. ఆమె ముందు నేను కూర్చోలేదు.

"చెల్లెమ్మా, ధనిష్ఠ మూడింటికి రాలేదు. నాలుగూ ఐదుకు వచ్చింది."

ఆమె చెయ్యి ఆగింది. "ఏంటండీ?"

"ఆ రోజు. లెక్కలో నాకొచ్చింది నాలుగూ ఐదు. నేను ముందుకు జరిపి మూడని చెప్పాను. ఎప్పుడూ అలాగే చెబుతాను, ఎక్కడా తేడా రాకుండా. మూడూ ఇరవైకి ఇంకా శ్రవణమే ఉంది."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"అంటే ఆయన పోయింది మంచి నక్షత్రంలోనే."

"అవును."

"పాకలో పెట్టక్కర్లేదు."

"అక్కర్లేదు."

"మంచం కదపకపోతే గదిలోనే పోయుండేవారు."

"అవునమ్మా."

"నర్సమ్మ గారు అడిగినప్పుడూ మీకు తెలుసు."

"తెలుసు."

"ఆ గంట ఎవరి కోసం జరిపారు?"

పదిహేనేళ్లుగా జాగ్రత్తకి అని చెప్పుకున్న మాట నోటి దాకా వచ్చింది. "నా కోసమే. మాట పడకుండా."

"ఆయన చెప్పేవారు మీ గురించి" అంది ఆమె. కోపంగా అనలేదు. అందుకే తల ఎత్తలేకపోయాను. "ఎండకి అని ఒక్క అబద్ధం చెప్పి పంపించానే అని ఐదు నెలల నుంచీ నలుగుతున్నానండి నేను. ఒక్క మాట. మీరు ఐదు నెలలూ నా చేతి మజ్జిగ తాగుతా చెప్పారు."

చాట కింద పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్లి కిటికీ తెరిచిన చప్పుడైంది. తర్వాత దొడ్లోకి వెళ్లింది. నేను వెనక వెళ్లాను. ఆమె పాక ద్వారం దగ్గర వంగి తాటినార ముడి విప్పుతోంది. ఎండకు బిగుసుకుపోయి ముడి రావడం లేదు. కత్తిపీట తెచ్చి కోసింది. తుమ్మకంపను రెండు చేతులతో పట్టి లాగింది. నేను చెయ్యి వెయ్యబోతే, "మీరుండండి" అంది. ముళ్లు గీరుకుని మోచేతి దాకా రక్తం చారలు పడ్డాయి.

చప్పుడుకు తమ్ముడు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "వదినా, ఏంటిది? ఇంకా నెల పైనుంది. పసిపిల్ల ఉన్న ఇల్లు."

ఆమె నా వైపు చూసింది. నేనే చెప్పాను. మూడూ ఇరవైకి శ్రవణం అని, నాలుగూ ఐదుకు ధనిష్ఠ అని, గంటా ఐదు నిమిషాలు నేను జరిపానని.

"మూడని చెప్పారు కదండీ" అన్నాడు. మళ్లీ అన్నాడు. తర్వాత దొడ్లో ఉన్న రుబ్బురోలు అంచు మీద కూర్చున్నాడు. ఆయన నన్ను తిడతాడనే అనుకున్నాను. తిడితే బాగుండేది. "మా అన్నయ్యని నేను బయట పెట్టించాను. నలభై నిమిషాలు ఆగలేకపోయానా?"

"ఆగేవారే. నేను ఆగనివ్వలేదు."

ఆయన తువ్వాలుతో మొహం మూసుకున్నాడు. ఐదు నెలల క్రితం నా చేయి పట్టుకున్నప్పుడు ఏడ్చినదానికంటే ఇది వేరుగా ఉంది.

ఆమె అప్పటికే లోపలికి వెళ్లింది. కాసేపటికి నన్ను పిలిచింది. పాకలో చీకటిగా, ఎండుగడ్డి వాసనగా ఉంది. మంచం పెట్టిన చోటే ఉంది. నులక వదులైంది. ఆమె దాని మీద కూర్చుని పడమటి వైపు తడికను చూస్తోంది.

"ఆ రోజు ఆ తడిక తీశారు కదా. ఎండొచ్చిందా ఇక్కడికి? నేను చూళ్లేదు. ఆయన మొహమే చూస్తున్నా."

నేను చూశాను. వాచీ చూసుకోవడానికి చెయ్యి తిప్పినప్పుడల్లా అద్దం మెరిసింది. ఎండ ఎక్కడి నుంచి వస్తోందా అని చూశాను. నేను అలాంటివి చూసే మనిషినే.

"మూడింటికి నేల మీద ఉంది. మూడూ పదికి మంచం ఎక్కింది. పాదాల మీదికి వచ్చింది."

"పైకి?"

మోకాళ్ల దాకా అని చెబితే ఎవరికీ నష్టం లేదు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"రాలేదమ్మా. పాదాల దాకానే. అక్కడుండగానే ఆయన పోయాడు."

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "ఏమీ జరపలేదు కదా ఇందులో?"

"లేదు."

ఆమె మంచం చివర, ఆయన పాదాలుండే చోట, నులక మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను.  స్టేషన్లో ఇంజను నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు ఇక్కడికి కూడా వినపడుతోందని అప్పుడు గమనించాను. గదిలో కంటే తక్కువగా, కానీ వినపడుతోంది. ఆమె కూడా తల అటు తిప్పింది.

ఆ రోజు ఆమె నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగలేదు. నేను బయల్దేరుతుంటే మాత్రం, మజ్జిగ ఇవ్వకుండా, గుమ్మంలో నిలబడి అడిగింది.

"మిగిలిన ఏడు తిథులూ ఒక కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లండి. నెలనెలా రానక్కర్లేదు."

రాసి ఇచ్చాను. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో నిమిషాలతో సహా రాశాను. ఆమె ఆ కాగితాన్ని గోడ మీద, ఆఖరి బొగ్గు చుక్క ఉన్న చీటీ పక్కన అంటించింది. సాయంత్రం బండిలో తెనాలి దాకా నిలబడే వచ్చాను. ఆ తర్వాత ఎవరింటికి పిలిచినా, లెక్కలో ఎంత వచ్చిందో అదే చెబుతాను. నా భయాన్ని వేరుగా చెబుతాను, అది నా భయమని.